చదరంగం గడుల సంఖ్య: 18446744073709551615

(జాతీయ గణిత దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినిపిస్తోందా? సరే.

ముందు బోర్డు మీద ఒక సంఖ్య రాస్తాను. రాయడం అయ్యేదాకా కాస్త మాట్లాడకండి, ఇరవై అంకెలు, మధ్యలో ఒక్కటి జారినా మళ్లీ మొదటికి రావాలి. 18446744073709551615. మన పద్ధతిలో చదివితే ఒక లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, దాని మీద 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆ పైన 95 లక్షల 51 వేల 615.

కంప్యూటర్స్ గ్రూపు వాళ్లు చేతులెత్తండి. మీలో కొందరు దీన్ని చూసే ఉంటారు. సీ ప్రోగ్రాంలో, మైనస్ గుర్తు పెట్టుకోలేని 64 బిట్ల వేరియబుల్‌లో మైనస్ ఒకటి వేసి ప్రింట్ చేస్తే తెర మీద వచ్చేది ఇదే. సున్నా కిందకి పోవడానికి అక్కడ చోటు లేదు కాబట్టి, కారు మీటరు సున్నా నుంచి వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు పడ్డట్టు, ఆ పెట్టెలో పట్టే అతి పెద్ద సంఖ్య పడుతుంది. మనం దాన్ని చూసి, బగ్ అనుకుని, దిద్దుకుని ముందుకు పోతాం. నేనూ చాలాసార్లు అలాగే పోయాను. తర్వాత ఒకరోజు పాత తెలుగు పద్యం ఒకటి చదువుతూ, అందులో మాటల కింద అంకెలు వేసుకుంటూ పోతే, చివరికి కాగితం మీద ఇదే సంఖ్య నిలబడింది. ఆ రోజు నుంచి ఇది నన్ను వదల్లేదు. ఈ గంటా దీని గురించే మాట్లాడతాను, ఇంకో సంఖ్య జోలికి అవసరమైతే తప్ప పోను.

ఆ పద్యం పావులూరి మల్లన పేరు మీద ఉంది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన కవి ఆయన, సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు అనే లెక్క మీ అందరికీ తెలిసిందే. దాని జవాబు ఆ పద్యం. అంకెలు నేరుగా చెప్పకుండా భూతసంఖ్యల్లో చెప్పాడు, అంటే ఒక్కో అంకెకి లోకంలో అన్ని ఉన్న వస్తువు పేరు. శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. ఇరవై మాటలు. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరమన్నా సాయకమన్నా ఐదు. చంద్రుడు ఒక్కడే, ఒకటి. మన ఒంటికి రంధ్రాలు తొమ్మిది. ఆకాశం సున్నా. అగ్నులు మూడు, కొండలు ఏడు, వేదాలు నాలుగు, తర్కాలు ఆరు, బ్రహ్మ ముఖాలు నాలుగు, దిక్కుల ఏనుగులు ఎనిమిది. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకి రాసుకుంటూ పోవాలి, అదే దీని నియమం. రాయండి: 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. ఇప్పుడు ఎడమ నుంచి చదవండి. బోర్డు మీదున్నదే.

తెలుగు మెయిన్ వాళ్లు ఉన్నారా ఇక్కడ? మీకోసం ఒక మాట, నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. ఇది చంపకమాల. చంపకమాలకి గణాలు కుదరాలి, పదకొండో అక్షరం దగ్గర యతి కుదరాలి, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ప్రాస కుదరాలి. మామూలు పద్యంలో అయితే యతికి మాట కుదరకపోతే భావం కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇక్కడ జరపడానికి లేదు, అంకె అంకే. ఐదు పక్కన మళ్లీ ఐదు రావాలి, మొదటి ఐదుకి శర అన్నాడు, రెండోదానికి సాయక అన్నాడు, ఎందుకంటే పాదం మొదట ఉన్న శకారానికి పదకొండో చోట ఉన్న ఈ సకారంతో యతి. ఏడుకి మూడు చోట్ల మూడు మాటలు వాడాడు, నగ, భూధర, గిరి. మొదటి పాదం భూ దగ్గర ఆగి, రెండో పాదం ధర అని మొదలవుతుంది, ప్రాస రేఫ కాబట్టి. కుంజరాన్ని కూడా అలాగే కుం దగ్గర విరిచి, జర అని మూడో పాదం మొదలుపెట్టాడు. నాలుగు నాలుగుసార్లు వస్తే నాలుగు వేర్వేరు పేర్లు. ఇరవై అంకెల్లో ఒక్కటి మారకుండా, ఛందస్సు తప్పకుండా కూర్చాడు. దీన్ని మనం బడిలో లెక్కల క్లాసులోనూ చెప్పం, తెలుగు క్లాసులోనూ చెప్పం, అది నాకు బాధగా ఉంటుంది.

(సభలోంచి ఒక ప్రశ్న.) ఏంటమ్మా? మళ్లీ చెప్పు. సముద్రాలు ఏడు కదా సార్, ఇక్కడ అబ్ధికీ పయోనిధికీ నాలుగెందుకు వేశారు అంటోంది. చాలా మంచి ప్రశ్న. సప్త సముద్రాలు అనే మాట మనకి బాగా అలవాటు. కానీ భూతసంఖ్యల్లో సముద్రం అంటే ఎక్కువగా నాలుగే, నాలుగు దిక్కుల సముద్రాలు. అయితే నా మాట నమ్మొద్దు, పరీక్ష చేద్దాం. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం చాలు. రెండు, దాని వర్గం, ఘనం, అలా 2 పవర్లని తొమ్మిదితో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1, మళ్లీ 2, 4, 8... ఆరింటికోసారి తిరిగొస్తాయి. 64ని ఆరుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది, నాలుగో శేషం 7. మన సంఖ్య 2 పవర్ 64 కన్నా ఒకటి తక్కువ కాబట్టి శేషం 6 రావాలి. ఇప్పుడు పద్యంలో అంకెలు కూడండి. 87 వస్తుంది. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. సరిపోయింది. సముద్రాలకి ఏడేసి వేసి ఉంటే మొత్తం 93 అయ్యేది, అంటే శేషం 3, కుదరదు. కాబట్టి మల్లన సముద్రాలు నాలుగే. పద్యంలో పాఠం సరిగ్గా ఉందా లేదా అన్నది లెక్కతో తేల్చుకోగలిగిన చోటు ఇది.

2 పవర్ 64 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనేలేదు కదూ. ఒకటీ రెండూ కూడితే మూడు, తర్వాతి గడిలో ఉన్నది నాలుగు. ఒకటీ రెండూ నాలుగూ కూడితే ఏడు, తర్వాతి గడిలో ఎనిమిది. ఎక్కడ ఆగినా అప్పటిదాకా కూడిన మొత్తం తర్వాతి గడి కన్నా ఒకటే తక్కువ. 65వ గడి అంటూ ఉంటే అందులో 2 పవర్ 64 ఉండాలి, అందులోంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య.

దాన్ని చేత్తో ఎలా కట్టారంటారా, 63 సార్లు రెట్టింపు చెయ్యక్కర్లేదు. రెండుని వర్గం చెయ్యండి, నాలుగు. వర్గం, పదహారు. వర్గం, 256. వర్గం, 65536. వర్గం, 4294967296. ఇంకొక్కసారి వర్గం చేస్తే 2 పవర్ 64 వచ్చేసింది. మొత్తం ఆరు గుణకారాలు, చివరిదొక్కటే కాస్త ఓపిక. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇలా వర్గాలు చేసుకుంటూనే ఈ మొత్తం చెప్పాడు. అంతకు చాలా ముందే మన పింగళుడు ఛందశ్శాస్త్రంలో, ఇన్ని అక్షరాల పాదానికి గురులఘువులతో ఎన్ని వృత్తాలు పుడతాయి అని లెక్కించడానికి సగం చేసి వర్గం చేసే పద్ధతే చెప్పాడు. 64 అక్షరాల పాదం ఉంటే దాని వృత్తాలు 2 పవర్ 64. చూశారా, ఛందస్సులో పుట్టిన పద్ధతితో వచ్చే సంఖ్య మళ్లీ ఛందస్సులోకే వచ్చి కూర్చుంది.

ఎంత పెద్దది అనే దాని మీద ఎక్కువసేపు ఉండను. బియ్యం గింజ సుమారు 20 మిల్లీగ్రాములు అనుకుంటే, మొదటి సగం బల్లకి, అంటే 32 గడులకి 86 టన్నులు అవుతుంది, యాభై కిలోల బస్తాలు 1700 పైన. ఒక మిల్లులో ఉండే సరుకే. మొత్తం బల్లకి మాత్రం దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, కాబట్టి ఏడు వందల ఏళ్ల పంట. సెకనుకి ఒక గింజ లెక్కపెడితే 58 వేల కోట్ల ఏళ్లు పడుతుంది, విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. 1883లో ఎడ్వార్డ్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు బయటపెట్టిన, బిళ్లల దొంతరని ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చే హనోయ్ గోపురం ఆటలో 64 బిళ్లలు ఉంటే పట్టే ఎత్తులు కూడా సరిగ్గా ఇన్నే. ఇవి విన్నప్పుడు అబ్బో అనిపిస్తుంది, నిజమే, కానీ ఇంతే పెద్ద సంఖ్య ఇంకేదైనా ఇదే అబ్బో అనిపిస్తుంది. ఇరవై అంకెలు తోచినట్టు రాసినా పరిమాణం ఇంతే ఉంటుంది. ఈ సంఖ్య ఏమిటో తెలియాలంటే దాన్ని విప్పి చూడాలి.

విప్పుదాం. ఎనిమిదో తరగతి సూత్రం చాలు: రెండు వర్గాల తేడా అంటే వాటి మొత్తం ఇంటూ వాటి తేడా. 2 పవర్ 64 ఒక వర్గం, ఒకటీ వర్గమే. కాబట్టి మన సంఖ్య 4294967295 ఇంటూ 4294967297. ఇందులో చిన్నది మళ్లీ 2 పవర్ 32 మైనస్ ఒకటి, అదీ విడిపోతుంది, 65535 ఇంటూ 65537. 65535 మళ్లీ 255 ఇంటూ 257. 255 అంటే 15 ఇంటూ 17. పదిహేను అంటే మూడైదులు. (బోర్డు మీద రాస్తూ) 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. తోచినట్టు రాసిన ఇరవై అంకెల సంఖ్యని ఇలా ఎవరైనా విప్పగలరా? లేదు. ఇది రెండులతో కట్టిన సంఖ్య కాబట్టే ఇలా విడిపోయింది. ఇంకో చిన్న సంగతి గమనించారా, మొత్తం రెండులతోనే కట్టిన ఈ సంఖ్య అంకెల్లో రెండు ఒక్కచోట కూడా లేదు.

ఇక్కడ మిగిలిన ఆరు ముక్కలు ఒక్క కుటుంబం. రెండుని మళ్లీ మళ్లీ వర్గం చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చేవి: 3, 5, 17, 257, 65537, 4294967297. వీటిని ఫెర్మా సంఖ్యలు అంటారు. 1640లో పియర్ ఫెర్మా ఉత్తరాల్లో ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అని తన నమ్మకం రాశాడు. మొదటి ఐదు నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది, ఆ నాలుగు వందల కోట్ల పైచిలుకు సంఖ్య దగ్గర, 92 ఏళ్లు ఎవరూ ఏమీ తేల్చలేకపోయారు. 1732లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఆయిలర్, అప్పటికి పాతికేళ్లవాడు, అది 641తో నిశ్శేషంగా భాగించబడుతుందని చూపించాడు. 641 ఇంటూ 6700417.

641 ఎలా దొరికింది? ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించి చూస్తే 641 దాకా రావడానికి వందకి పైగా భాగహారాలు. కానీ ఈ సంఖ్యకి కారణాంకం ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం ఒకటే రావాలి, ఈ సంగతిని ఆయిలర్ తర్వాతి వ్యాసంలో నిరూపించాడు. 64తో శేషం ఒకటి వచ్చే ప్రధాన సంఖ్యలు వరసగా రాయండి: 193, 257, 449, 577, 641. ఐదోదే! మీరు ఇంటికెళ్లి నోట్‌బుక్‌లో చెయ్యగలిగిన పని.

భాగహారం కూడా వద్దంటే ఇంకా చక్కని దారి ఉంది, ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 641 అంటే 5 × 128, ప్లస్ ఒకటి. 641 అంటే 625 ప్లస్ 16 కూడా. మొదటి దాని ప్రకారం 641తో భాగించే లోకంలో, అంటే 641తో వచ్చే శేషాలు మాత్రమే చూస్తే, 5 ఇంటూ 2 పవర్ 7 అనేది మైనస్ ఒకటితో సమానం. రెండింటినీ నాలుగో పవర్‌కి ఎత్తండి, 625 ఇంటూ 2 పవర్ 28 అనేది ఒకటితో సమానం. కానీ రెండో దాని ప్రకారం 625 అంటే మైనస్ 16, అంటే మైనస్ 2 పవర్ 4. అది పెట్టండి: మైనస్ 2 పవర్ 32 అనేది ఒకటితో సమానం. అంటే 2 పవర్ 32 ప్లస్ ఒకటికి శేషం సున్నా. అయిపోయింది. పది అంకెల సంఖ్యని ముట్టుకోకుండానే దాని కారణాంకం నిరూపించాం.

6700417 ప్రధానమా కాదా? దాని వర్గమూలం 2588 చిల్లర, అంతలోపు అదే రకం ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే చాలు. 641 నుంచి మొదలుపెడితే ఏడే ఏడు: 641, 769, 1153, 1217, 1409, 1601, 2113. ఏదీ భాగించదు, కాబట్టి ప్రధానం. ఆ వరసలో మధ్యలో 1729 కూడా తగులుతుంది, 27 అరవైనాలుగులు 1728, దాని మీద ఒకటి. రామానుజన్ గారి సంఖ్య కనిపించగానే ఆగాలనిపిస్తుంది, కానీ అది 7 × 13 × 19, ప్రధానం కాదు కాబట్టి దాటి వెళ్లిపోవాలి.

అంచేత మన సంఖ్య పూర్తిగా విప్పితే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు. ఇలాంటివాటిని వర్గరహిత సంఖ్యలంటారు. ఒక్కో కారణాంకాన్ని తీసుకోవడమో వదలడమో, కాబట్టి భాజకాలు 2 పవర్ 7, అంటే 128. ఆ భాజకాల్లో తనని వదిలేసి మిగతావన్నీ కూడితే తనలో 70 శాతం చిల్లర మాత్రమే వస్తుంది, సరిగ్గా తనంత వస్తే పరిపూర్ణ సంఖ్య అయ్యేది, రాలేదు కాబట్టి న్యూన సంఖ్య. కప్రేకర్ గారు పేరు పెట్టిన హర్షద్ సంఖ్య అవుతుందా? అంకెల మొత్తంతో భాగించబడాలి, మొత్తం 87, అంటే 3 × 29, పైన రాసిన ఏడింటిలో 29 లేదు, కాబట్టి కాదు.

మెర్సెన్ సంఖ్య అవునా అంటే, 2కి ఏదో ఒక పవర్, అందులోంచి ఒకటి తీసేసిన రూపంలో ఉంది కాబట్టి అవును, కానీ మెర్సెన్ ప్రధానం కాదు. బల్ల మీద ఎన్నో గడి దగ్గర ఆగితే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది అని చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. తొమ్మిది చోట్ల మాత్రమే. ఆ 61వ గడి దగ్గరి మొత్తం 2305843009213693951 ప్రధానమని 1883లో రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ అనే చర్చి పూజారి నిరూపించాడు. అక్కడి నుంచి మూడు గడులు ముందుకొస్తే ఏడు ముక్కలుగా విడిపోయే మన సంఖ్య. మూడే మూడు గడులు!

సగం బల్ల దగ్గర ఇంకో విశేషం. 32 గడుల మొత్తం 4294967295, ఇది 3, 5, 17, 257, 65537 లబ్ధం. 1796లో గౌస్ పందొమ్మిదేళ్లు నిండకముందే వృత్తలేఖినీ స్కేలూ మాత్రమే వాడి 17 భుజాల సమ బహుభుజి గీయొచ్చని కనిపెట్టాడు కదా, ఆ లెక్క ప్రకారం బేసి సంఖ్యలో భుజాలుండి, అలా గీయొచ్చని మనకి తెలిసినవాటిలో అతి పెద్దది ఈ 4294967295 భుజాలదే. పూర్తి బల్ల సంఖ్యకి ఆ భాగ్యం లేదు, అందులో ఫెర్మా ప్రధానాలు కాని 641, 6700417 వచ్చి చేరాయి. అవి ఉంటే గీయడం కుదరదని 1837లో వాంట్‌జెల్ నిరూపించాడు. ఫెర్మా ఊహ ఒక్క మెట్టు ముందు విరిగింది, ఆ విరిగిన చోటు మన సంఖ్య కడుపులో ఉంది.

ఇవాళ రామానుజన్ గారి పుట్టినరోజు కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఎలా దిగుతాను. క్యారమ్స్ కాయిన్లు పేర్చినట్టు త్రిభుజంగా పేర్చగలిగే సంఖ్యలు ఉంటాయి, 1, 3, 6, 10, 15, వాటిని త్రిభుజ సంఖ్యలంటారు. చదరంగం మొత్తాన్ని అలా త్రిభుజంగా పేర్చొచ్చా? ఒక సంఖ్య త్రిభుజ సంఖ్య కావాలంటే దానికి ఎనిమిది రెట్లు చేసి ఒకటి కలిపితే వర్గం రావాలి. మన సంఖ్యకి అలా చేస్తే 2 పవర్ 67 మైనస్ 7 వస్తుంది. 2 పవర్లోంచి 7 తీస్తే వర్గం ఎప్పుడవుతుంది అన్నది సరిగ్గా 1913లో రామానుజన్ అడిగిన ప్రశ్న. పవర్ 3, 4, 5, 7, 15 అయినప్పుడు అవుతుందని ఆయన చెప్పాడు, ఇంకేవైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంకేమీ లేవని 1948లో నార్వే గణితజ్ఞుడు నాగెల్ నిరూపించాడు. 67 ఆ జాబితాలో లేదు, కాబట్టి కుదరదు. జాబితాలో చివరిదైన 15 మన బల్ల మీద 12వ గడి, అక్కడి మొత్తం 4095, ఒకటి నుంచి తొంభై దాకా కూడితే వచ్చేది. చదరంగం గింజల్ని త్రిభుజంగా పేర్చగలిగేది ఆ గడి వరకే, ఆ తర్వాత ఎంత పెద్ద బల్ల తెచ్చినా ఇక ఎక్కడా కుదరదు. 35 ఏళ్లు పట్టిన జవాబు అది.

పక్కింటి సంఖ్యని కూడా చూడండి. మన సంఖ్యకి ఒకటి కలిపితే 2 పవర్ 64, మొత్తం రెండులే. ఇంకొకటి కలిపితే 18446744073709551617, ఇదీ ఫెర్మా సంఖ్యే, వరసలో ఏడోది. మన సంఖ్యని రెండు నిమిషాల్లో విప్పాం కదా, దానికన్నా రెండే రెండు ఎక్కువైన దీనికి మాత్రం వర్గాల తేడా సూత్రం ఉపయోగపడదు. దీన్ని 1855లో క్లౌసెన్ విప్పి గౌస్‌కి ఉత్తరం రాశాడు, 1880లో లాండ్రీ అనే ఫ్రెంచాయన 82 ఏళ్ల వయసులో మళ్లీ విప్పి ప్రకటించాడు: 274177 ఇంటూ 67280421310721. పరిమాణం చూస్తే ఇద్దరూ ఒకటే, గింజల బస్తాలో రెండు గింజల తేడా. లోపలి నిర్మాణం చూస్తే ఒకరి తలుపు తీసే ఉంది, ఇంకొకరి తలుపు తియ్యడానికి ఆయిలర్ తర్వాత నూట ఇరవై ఏళ్లు పైగా పట్టింది. ఆ కుటుంబంలో 65537 తర్వాత ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఒక్కటి కూడా దొరకలేదు.

టైం ఎంతైంది? ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి, ఒక్కటి మిగిలింది.

ఈ గింజలన్నీ చతురస్రాలుగా పరవాలి అనుకుందాం. ఒక్క చతురస్రంలో పట్టదు, ఇది వర్గం కాదు. రెండు చతురస్రాలు? సరిసంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగిస్తే సున్నా మిగులుతుంది, బేసి వర్గానికి ఒకటి, కాబట్టి రెండు కూడితే మూడు రాదు, మన సంఖ్యకి మిగిలేది మూడు. మూడు చతురస్రాలు? ఎనిమిదితో భాగించి చూడండి, వర్గాలకి మిగిలేవి 0, 1, 4 మాత్రమే. మూడింటిని ఎలా కూడినా ఏడు రాదు, మన సంఖ్యకి మిగిలేది ఏడు. ఏ సంఖ్యకైనా నాలుగు వర్గాలు సరిపోతాయని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. సరిపోతాయని తెలుసు, కానీ అవేమిటి?

నిన్న రాత్రి కూర్చుని కట్టాను. మూడుని పక్కన పెడితే మిగిలిన 5, 17, 257, 65537, 4294967297 ఒక్కొక్కటీ ఒక వర్గం ప్లస్ ఒకటి. అలాంటి రెండింటిని గుణిస్తే వచ్చేది కూడా రెండు వర్గాల మొత్తమే, ఇది బ్రహ్మగుప్తుడి సూత్రం. 5 ఇంటూ 17 అంటే 85, అది 7 వర్గం ప్లస్ 6 వర్గం. దాన్ని 257తో గుణిస్తే 106 వర్గం ప్లస్ 103 వర్గం. తర్వాత 27033, 26474. ఆఖరున 1771608214, 1735027097. ఇప్పుడు మూడుతో గుణించాలి. రెండు సంఖ్యల వర్గాల మొత్తానికి మూడు రెట్లు కావాలంటే ఆ రెండూ, వాటి మొత్తం, వాటి తేడా, ఈ నాలుగింటి వర్గాలు కూడితే చాలు, చేసి చూస్తే మధ్య పదాలు కొట్టేసుకుపోతాయి. (బోర్డు మీద రాస్తూ) కాబట్టి మల్లన సంఖ్య ఈ నాలుగింటి వర్గాల మొత్తం: 36581117, 3506635311, 1771608214, 1735027097.

ఈ నాలుగూ నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. వర్గాలు చెయ్యక ముందు తొమ్మిదితో పరీక్షించండి, ఒక్కోదాని అంకెలు కూడి, ఆ శేషాన్ని వర్గం చేసి, నాలుగూ కలపండి. 7, 0, 1, 7. పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. పద్యంలో వచ్చిన ఆరే.